వెళ్ళొస్తానని చెప్పి వెళ్ళండి

ప్రశ్న: డాక్టర్ గారూ, నమస్తే. మాది తెనాలి దగ్గర పల్లెటూరు. పెళ్ళయ్యాక హైదరాబాద్ వచ్చాం, ఇద్దరం ఉద్యోగస్తులమే. మా పాపకి ఐదు నెలలు నిండాయి. వచ్చే నెల ఒకటో తారీఖుకి నా సెలవు అయిపోతుంది. మా అమ్మ “మూడేళ్ళు వచ్చేదాకా నా దగ్గర ఉంచు, స్కూల్లో వేసేటప్పుడు తీసుకెళ్ళు” అంటోంది. మా అత్తయ్య మాతోనే ఉంటారు, ఆవిడకి మోకాళ్ళ నొప్పులు. “పుట్టినప్పటి నుంచీ చంక దించకుండా ఎత్తుకుని అలవాటు చేశావు, ఇప్పుడు ఎవరు మోస్తారు” అంటారు. మా వారు మంచివారే, కానీ పాప ఏడుపు మొదలుపెట్టగానే “దీనికి నువ్వే కావాలి” అని నా చేతికిచ్చేస్తారు. మొన్న ఒక ఫంక్షన్‌లో దగ్గరి బంధువు ఒకావిడ అందరి ముందూ “జీతం కోసం పసిగుడ్డుని వదిలేస్తావా” అంది. అప్పటినుంచి రాత్రిళ్ళు బాత్రూంలోకి వెళ్ళి ఏడుస్తున్నాను. ఇంటి లోను ఉంది, ఉద్యోగం మానేయాలంటే భయం, వెళ్ళాలంటే భయం. నేను పాపను ఎత్తుకుని పాడుచేశానా? అమ్మ దగ్గర ఉంచమంటారా? మానేయమంటారా?

తా.క. పాప నా పాత నూలుచీర కొంగు పట్టుకుంటేనే నిద్రపోతుంది. దాన్ని ఉతకొద్దంటారు అత్తయ్య. ఇది కూడా అలవాటేనా?

– ఒక తల్లి, హైదరాబాద్

జవాబు: అమ్మా, ముందు ఆ ఫంక్షన్‌లో మాట్లాడినావిడ సంగతి తేల్చేద్దాం. మన ఇళ్ళలో పిల్లవాడికి మార్కులొస్తే నాన్న తెలివి. పక్కింటి కిటికీ అద్దం పగలగొడితే “ఇదేనా మీ అమ్మ పెంపకం”. “ఇదేనా మీ నాన్న పెంపకం” అని ఎవరైనా అనగా ముప్పై ఏళ్ళ ప్రాక్టీసులో నేను వినలేదు. ఇలాంటి జీతం కోసమే మీ వారు పాప పుట్టిన కొన్నాళ్ళకే ఆఫీసుకి వెళ్ళి ఉంటారు కదా, ఆయన్ని ఆవిడ ఏమైనా అందా? భోజనాల దగ్గర గోంగూర పచ్చడి వేసుకున్నావా బాబూ అని అడిగి ఉంటుంది. ఆ మాటను అక్కడే వదిలేయండి. దాని కోసం మీరు బాత్రూంలో కూర్చుని ఏడవాల్సిన పనిలేదు.

ఇక ఎత్తుకుంటే పాడవుతుందా అన్నది. పాడవదు. ఐదు నెలల పిల్లకి మిమ్మల్ని ఆడించాలన్న ఎత్తుగడ ఉండదు. ఆకలి, తడి, నిద్ర, కడుపునొప్పి, ఒంటరితనం, అన్నిటికీ దానికున్నది ఒక్కటే మాట. అడగందే అమ్మయినా పెట్టదని సామెత చెప్తాం. తీరా అది అడిగితే అలవాటైపోయిందంటాం.

ఈ భయం మన అత్తగార్లు కనిపెట్టింది కూడా కాదు. 1928లో అమెరికాలో జాన్ వాట్సన్ అనే పేరుమోసిన మనస్తత్వ శాస్త్రవేత్త, పిల్లల్ని ముద్దులు పెట్టుకోకండి, ఒళ్ళో కూర్చోబెట్టుకోకండి, పొద్దున లేవగానే షేక్‌హ్యాండ్ ఇవ్వండి అని తల్లులకి రాసిపెట్టాడు. చదువుకున్న తల్లులు చాలామంది దాన్ని నమ్మారు కూడా. అదే దేశంలో 1958లో హ్యారీ హార్లో అనే ఆయన తన కోతిపిల్లల ప్రయోగాన్ని బయటపెట్టాడు. తల్లుల నుంచి విడదీసిన పిల్లల ముందు రెండు బొమ్మ తల్లుల్ని పెట్టాడు. ఒకటి ఇనుప తీగెలది, దానికి పాలసీసా ఉంది. ఇంకోటి మెత్తటి బట్ట చుట్టినది, దాని దగ్గర పాలు లేవు. పిల్లలు పాలు తాగడానికి తీగెల తల్లి దగ్గరికి వెళ్ళి, తాగడం అవగానే బట్ట తల్లిని కరుచుకుని రోజంతా దాని మీదే ఉన్నాయి. ఆ ప్రయోగం చదివితే నాకిప్పటికీ కడుపులో దేవినట్టు ఉంటుంది, ఆ పిల్లలు పెద్దయ్యాక ఎలా తయారయ్యాయో తెలుసు కాబట్టి. కానీ పాలు పడితే చాలు, పిల్ల పెరిగిపోతుందన్న మాట అక్కడితో చెల్లిపోయింది.

మనుషుల పిల్లల మీద చేసింది కావాలంటే 1986లో కెనడాలోని మాంట్రియల్‌లో 99 మంది తల్లులతో ఒక అధ్యయనం జరిగింది. సగం మందికి, పిల్లని రోజుకి మామూలు కంటే మూడు గంటలైనా ఎక్కువ ఎత్తుకోండి, ఏడ్చినప్పుడే కాదు, ఊరికే ఉన్నప్పుడు కూడా ఎత్తుకోండి అని చెప్పారు. పిల్లలు అన్నిటికంటే ఎక్కువ ఏడ్చే ఆరో వారంలో చూస్తే, ఎక్కువ ఎత్తుకున్న పిల్లలు మిగతావాళ్ళ కంటే 43 శాతం తక్కువ ఏడ్చారు. మీరు చేసిందీ అదే. తప్పు కాదు సరికదా, బంగారం లాంటి పని.

అయితే మీ అత్తగారి మాట ఇంకోసారి వినండి. ఆవిడ “అలవాటు చేశావు” దగ్గర ఆపలేదు, “ఇప్పుడు ఎవరు మోస్తారు” అని అడిగారు. అది నింద కాదమ్మా, భయం. మీరు తొమ్మిదింటికి వెళ్ళిపోతే ఏడు కిలోల పిల్లని ఆ మోకాళ్ళతో సాయంత్రం దాకా ఎలా మొయ్యాలా అని ఆవిడ రాత్రిళ్ళు ఆలోచిస్తూ ఉండి ఉంటారు. నా చేతకాదని చెప్పుకోవడం ఆ తరం వాళ్ళకి చేతకాదు, అందుకే తిట్టులా బయటికొస్తుంది. దీనికి దారి ఉంది, కింద చెప్తాను.

ముందు మీ అమ్మగారి సంగతి. ఇక్కడ నా సొంత కథ ఒకటి చెప్పకుండా సలహా ఇవ్వలేను.

నేను విశాఖపట్నంలో పీజీ చదివేటప్పుడు మా అమ్మాయికి పది నెలలు. నైట్ డ్యూటీలు, హాస్టల్ గది. మా అమ్మ కోనసీమలో ఉండేది. “నా దగ్గర వదిలేసి నిశ్చింతగా చదువుకో” అంది. వదిలేశాను. పదిహేను రోజులకోసారి బస్సెక్కి వెళ్ళేదాన్ని. మొదటి రెండుసార్లు నన్ను చూసి మీదకి దూకింది. మూడోసారి అమ్మ కుచ్చిళ్ళ వెనక దాక్కుని ఒక కన్నుతో చూసింది. ఆర్నెల్లు గడిచేసరికి మా అమ్మని “అమ్మా” అంటోంది, నన్ను “బుజ్జీ” అంటోంది. ఇంట్లో అందరూ నన్ను అలాగే పిలుస్తారు మరి, దాని తప్పేముంది? అందరూ పగలబడి నవ్వారు. నేనూ నవ్వాను. తిరుగు బస్సులో రాజమండ్రి దాకా కిటికీవైపు మొహం పెట్టుకుని కూర్చున్నాను.

అసలు దెబ్బ తర్వాత తగిలింది. పీజీ అయిపోయి పిల్లని తెచ్చేసుకున్నాను. నా దృష్టిలో నా బిడ్డ నా దగ్గరికి వచ్చింది. దాని దృష్టిలో మళ్ళీ ఇంకో అమ్మ పోయింది. వారం రోజులు తలుపు చప్పుడైతే చాలు పరిగెత్తి వెళ్ళి చూసేది. ఒళ్ళు వెచ్చబడింది. బెంగ జ్వరమని మా అమ్మ ఊళ్ళో ముద్ద ముట్టలేదట. తేరుకోవడానికి మాకు ముగ్గురికీ దాదాపు ఏడాది పట్టింది. ఇప్పుడు దానికి ముప్పై నాలుగేళ్ళు, బాగానే ఉంది, నా మీద అరవడానికి ఏ మొహమాటమూ పడదు. కాబట్టి జీవితం పాడైపోతుందని మిమ్మల్ని భయపెట్టను. కానీ అమ్మమ్మ దగ్గర మూడేళ్ళు ఉంచడమంటే ఒక్క ఎడబాటు కాదు, రెండు. రెండోది ఎవరూ లెక్కలో వెయ్యరు. అది తగిలేది బిడ్డకీ అమ్మమ్మకీ.

కన్నతల్లి దగ్గర ఉంటేనే బిడ్డ అన్న వాదన నాది కాదు. దేవకి కంటే యశోదనే ఎక్కువ తలుచుకునే జాతి మనది. పిల్లలకి ఎవరు కన్నారో తెలియదు. ఏడిస్తే ఎవరొచ్చారు, ఎవరి భుజం మీద నిద్రపట్టింది, రేపు కూడా ఆ భుజమే ఉంటుందా అన్నది తెలుస్తుంది. మన వాళ్ళు దీన్ని మాలిమి అంటారు. ఆ మాలిమి నలుగురితో కుదరొచ్చు. ఆ నలుగురూ మాటిమాటికీ మారిపోకూడదు, అంతే.

అందుకని పిల్లని అమ్మమ్మ దగ్గరికి పంపేకంటే అమ్మమ్మనే పిల్ల దగ్గరికి రమ్మనండి. అమెరికాలో ఉన్న మన వాళ్ళని చూడండి. మొదటి ఆర్నెల్లు అమ్మాయి తల్లిదండ్రులు, వాళ్ళ వీసా గడువయ్యాక అబ్బాయి తల్లిదండ్రులు, వంతులేసుకుని విమానాలెక్కుతారు. డల్లాస్‌కి రాగలిగినవాళ్ళు తెనాలి నుంచి హైదరాబాద్‌కి రాలేరా? మీరు ఆఫీసులో చేరే మొదటి రెండు నెలలు మీ అమ్మగారిని వచ్చి ఉండమనండి. మీ నాన్నగారికి అన్నం ఎవరు పెడతారంటారేమో. ఆయన కూడా రావచ్చు. లేదంటే ఈ వయసులోనైనా కుక్కర్ పెట్టడం నేర్చుకోవచ్చు, ప్రాణం పోదు.

కువైట్‌లో ఇళ్ళల్లో పనికి వెళ్ళే గోదావరి జిల్లాల, కడప జిల్లా తల్లులకి ఈ ఎంపిక కూడా లేదు. పిల్లల్ని అమ్మమ్మల దగ్గర వదిలి వెళ్ళక తప్పదు వాళ్ళకి. వాళ్ళెవరైనా ఇది చదువుతుంటే, మీరు తప్పు చేశారని నేను అనడం లేదు. రోజూ ఒకే వేళకి వీడియోకాల్ చేయండి. తిరిగొచ్చాక పిల్లని ఒక్కసారిగా లాక్కోకుండా కొన్నాళ్ళు మీరే ఆ ఊళ్ళో ఉండి, ఆ తర్వాత తీసుకెళ్ళండి. నేను చేయని పని అదే.

ఉద్యోగం మానేయాలా? భయంతో అయితే మానేయొద్దు. మీకే ఇంట్లో ఉండాలని మనసారా ఉంటే అది వేరే సంగతి, మూడు నెలలు వెళ్ళి చూసి అప్పుడు తేల్చుకోండి. అమెరికాలో 1991లో మొదలుపెట్టి పది ఊళ్ళలో 1,300 మందికి పైగా పిల్లల్ని పుట్టినప్పటి నుంచి ఏళ్ళ తరబడి గమనించారు. తల్లి ఉద్యోగానికి వెళ్ళి బిడ్డ వేరేవాళ్ళ దగ్గర పెరిగినంత మాత్రాన తల్లీబిడ్డల మాలిమి చెడలేదు. ఉన్న వేళల్లో తల్లి బిడ్డను ఎంతగా పట్టించుకుంటుందన్నదే ఎక్కువ లెక్కకొచ్చింది. చూసేవాళ్ళు సరిగా లేక, తల్లికీ బిడ్డ మీద ధ్యాస లేని చోట కష్టం కనిపించింది. రోజూ చాలా గంటలు డేకేర్‌లో గడిపిన పిల్లల్లో కొంచెం మొండితనం ఎక్కువ కనిపించిందని కూడా అందులోనే ఉంది, తేడా చిన్నదే అయినా. దాచను, ఎందుకంటే రేపు ఎవరో ఒకరు వాట్సాప్‌లో ఆ ఒక్క ముక్కే మీకు పంపిస్తారు.

మరి చూసేవాళ్ళు లేకపోతే ఏమవుతుందో రుమేనియాలో తెలిసింది. 1989 డిసెంబరులో అక్కడ చౌషెస్కు అనే నియంత ప్రభుత్వం కూలిపోయాక, అనాథాశ్రమాల్లో లక్షకు పైగా పిల్లలు మగ్గుతున్నారని లోకానికి తెలిసింది. చాలామందికి తల్లిదండ్రులున్నారు కూడా. తిండి ఉంది, మంచం ఉంది, డ్యూటీ మారేకొద్దీ ఆయా మారిపోతుంది. ఏడిస్తే ఎవరూ రారని తెలిసిన పిల్లలు ఏడవడమే మానేశారు. తర్వాత బుఖారెస్ట్‌లో 136 మంది పసిపిల్లల్ని తీసుకుని లాటరీ వేసి సగం మందిని పెంపుడు కుటుంబాలకి ఇచ్చారు. తెలివితేటల్లోనూ మాలిమిలోనూ ఆ పిల్లలు కోలుకున్నారు, రెండేళ్ళ లోపు వెళ్ళినవాళ్ళు మరీ బాగా. మీ పాపను ఆ పిల్లలతో పోల్చడానికి ఇది చెప్పడం లేదు. ఆయాను గానీ క్రెష్‌ను గానీ ఎంచుకునేటప్పుడు దేన్ని చూడాలో ఇందులోంచి తెలుస్తుందని చెప్తున్నాను. గోడల మీద బొమ్మలు, ఏసీ, యాప్‌లో ఫొటోలు, ఇవన్నీ తర్వాత. “ఇక్కడ పసిపిల్లల్ని చూసే ఆవిడ ఎన్నాళ్ళ నుంచి పనిచేస్తోంది, ఒక్కరికి ఎంతమంది పిల్లలు” అని అడగండి. ఆ జవాబు చెప్పడానికి తడబడితే బయటికొచ్చేయండి.

మీ ఇంటికి నాకు తోచిన ఏర్పాటు ఇది. ఏడాదిన్నర దాకా పాప ఇంట్లోనే ఉండాలి, అత్తగారు పెద్దదిక్కుగా, ఎత్తుకోవడానికీ స్నానానికీ బట్టలకీ ఒక ఆయా. మొయ్యడం ఆయా పని. పాపతో మాట్లాడటం, ఉగ్గు పెట్టేటప్పుడు పక్కన కూర్చోవడం, ఆయాను ఒక కంట కనిపెట్టడం అత్తగారి పని. అప్పుడు ఆవిడ మోకాళ్ళకి బరువు తగ్గుతుంది, ఇంట్లో మాట చెల్లుతుంది. ఆయా జీతం దగ్గర మాత్రం గీచి గీచి బేరమాడకండి. రెండు నెలలకో ఆయా మారిపోవడమే పాపకి కష్టం. పండక్కి చీర, నెలకి నాలుగు సెలవులు, జ్వరమొస్తే జీతం కోయకపోవడం, ఇవన్నీ మీ పాప కోసం పెట్టే ఖర్చే అనుకోండి.

ఆఫీసులో కూడా మీకు చట్టం ఇచ్చిన హక్కులు కొన్నున్నాయి. 26 వారాల సెలవు తెచ్చిన ప్రసూతి ప్రయోజనాల చట్టం 2017 సవరణలోనే, 50 మంది, అంతకు పైన పనిచేసే చోట క్రెష్ సదుపాయం ఉండాలని, తల్లి రోజుకి నాలుగుసార్లు వెళ్ళి బిడ్డను చూసుకోవచ్చని ఉంది. పని అలాంటిదైతే, సెలవు తర్వాత కొంతకాలం ఇంటినుంచి పనిచేసే ఏర్పాటు యాజమాన్యంతో మాట్లాడి చేసుకోవచ్చని కూడా ఉంది. బతిమాలుతున్నట్టు అడగకండి. మెయిల్ పెట్టండి.

ఇక మీ వారు.

“దీనికి నువ్వే కావాలి” అన్న మాట ఆయన ప్రేమగానే అంటున్నారు, నమ్ముతాను. కానీ ఆ మాటలో ఒక గడుసుతనం ఉంది. పాపకి మీరే ఎందుకు కావాలి? ఏడ్చిన ప్రతిసారీ మీ చేతికే వచ్చింది కాబట్టి. ఆయన దగ్గర ఏడుపు ఆగే అవకాశం ఆ పిల్లకి ఒక్కసారీ దొరకలేదు. అమ్మతనం తల్లికి పుట్టుకతో వస్తుంది, నాన్నకి రాదు అంటారు కదా, ఫిలిప్పీన్స్‌లోని సెబు అనే చోట ఆరువందల మందికి పైగా కుర్రాళ్ళని కొన్నేళ్ళపాటు గమనించి 2011లో ప్రచురించిన అధ్యయనం ఒకటుంది. తండ్రులైనవాళ్ళలో మగ హార్మోను టెస్టోస్టిరాన్ బాగా తగ్గింది. రోజుకి మూడు గంటలకి పైగా పిల్లల పనులు చేసేవాళ్ళలో మరీ తక్కువ ఉంది. అంటే పెంచే పనికి మగవాడి ఒళ్ళు కూడా తయారవుతుంది. ఇది చదివి మా క్లినిక్‌లో ఒక కుర్రాడు “అయ్యో మేడమ్, తగ్గిపోతుందా” అని హడలిపోయాడు. అది జబ్బు కాదు నాయనా, సర్దుబాటు అని చెప్పి పంపాను.

ఆయనకి ఒక పని పూర్తిగా అప్పగించండి. సాయం కాదు, పని. నేనైతే స్నానం ఇస్తాను. మీ అత్తగారిని చూపించమనండి, ఆ విద్య ఆవిడ దగ్గర ఉంది. పీట మీద కూర్చుని కాళ్ళు చాపి, రెండు కాళ్ళూ దగ్గర పెట్టి, వాటి మీద పాపను పడుకోబెట్టి, మోచేత్తో నీళ్ళ వేడి చూసి, మెల్లగా పొయ్యడం. ఎడమచెయ్యి మెడ కిందనుంచి కదలకూడదు. మొదటి రోజు ఆయన చెయ్యి వణుకుతుంది, పాప గుక్కపట్టి ఏడుస్తుంది, బాత్రూం అంతా నీళ్ళవుతుంది. నాలుగో రోజుకి ఆ పిల్ల కాళ్ళతో ఆయన మొహం మీద నీళ్ళు చిందిస్తుంది. ఆ రోజు ఆయన వచ్చి మీకు చెప్పే తీరు చూడండి. (ముక్కులో, చెవుల్లో నూనె పొయ్యడం, సాంబ్రాణి పొగ పట్టడం మాత్రం వద్దు. అత్తగారు అలిగితే డాక్టరు వద్దందని నా మీద తోసేయండి.)

ఇందులో మీ పని ఒకటే, ఆ పావుగంటా అక్కడ ఉండకపోవడం. ఏడుపు వినపడితే తలుపు దాకా వెళ్తారు, తెలుసు. వెళ్ళకండి. డైపరు వంకరగా వేస్తే దిద్దకండి. గౌను ముందు వెనక చేసి తొడిగితే అలాగే ఉండనివ్వండి, పాపకేం పట్టదు. “అలా కాదు, ఇటివ్వండి” అన్న మాట తల్లులు ఎన్నిసార్లంటే తండ్రులు అంత దూరం జరుగుతారు. అది చాలా ఇళ్ళలో చూశాను, మా ఇంట్లో కూడా.

మొదలుపెట్టడానికి ఇదే మంచి సమయం. ఏడెనిమిది నెలలు వచ్చేసరికి పిల్లలకి కొత్త తెలుస్తుంది, ముక్కూ మొహం తెలియనివాళ్ళు ఎత్తుకుంటే గగ్గోలు పెడతారు. ఏడాది దాటే దాకా ఆ బెంగ పెరుగుతూనే ఉంటుంది. అది బుద్ధి ఎదుగుతున్న గుర్తు, మంచిదే. కానీ ఆయా మొహం అంతకు ముందే అలవాటై ఉంటే మీ అందరి పనీ తేలికవుతుంది. కాబట్టి ఆయాను వచ్చే వారమే పెట్టుకోండి. మొదట నాలుగు రోజులు ఇద్దరూ ఉండండి, మీ ఒళ్ళో ఉండగానే ఆవిడ ఆడించాలి. తర్వాత మీరు గంటసేపు బజారుకెళ్ళండి. ఆ తర్వాత ఒక పూట.

వెళ్ళేటప్పుడు దొంగతనంగా వెళ్ళకండి. “అదిగో కాకి, అదిగో కాకి” అని పిల్లని అటు తిప్పి, తల్లి ఇటునుంచి జారుకోవడం మన ఇళ్ళలో ప్రతి ఒక్కరూ చేసే పని. పిల్ల కాకిని చూసి తిరిగేసరికి అమ్మ ఉండదు. రెండుసార్లు అలా జరిగితే మూడోసారి మీరు వంటగదిలోకి వెళ్ళినా ఏడుస్తుంది, ఎప్పుడు మాయమైపోతారో నమ్మకం లేక. మొహం చూసి, ముద్దుపెట్టి, “వెళ్ళొస్తా” అని చెప్పి వెళ్ళండి. ఏడిస్తే ఏడవనివ్వండి, ఓదార్చడానికి నానమ్మ ఉంది. మన భాషలో వెళ్తున్నానని అనకూడదు, వెళ్ళొస్తాననాలి అని చిన్నప్పుడు మొట్టికాయలేసి నేర్పించారు గుర్తుందా? ఐదు నెలల పిల్లకి మాట అర్థం కాదు, రోజూ అదే మాట, అదే ముద్దు, సాయంత్రం అదే మొహం, ఈ వరస అర్థమవుతుంది. దోబూచి ఆడండి, బాగా ఆడండి. చీర కొంగు వెనక మొహం దాచుకుని “బూ” అని తీసేటప్పుడు అది కిలకిలా నవ్వుతుంది చూడండి. కనపడకుండా పోయినవాళ్ళు మళ్ళీ వస్తారని నేర్చుకునే పాఠం అదే.

ఆరు నెలలు నిండగానే పైతిండి మొదలవుతుంది, పొద్దున, సాయంత్రం, రాత్రి మీ పాలు ఎప్పటిలాగే. పగటికి పిండి ఉంచాలనుకుంటే, పిండిన వెంటనే ఫ్రిజ్‌లో పెట్టండి, నాలుగు రోజుల్లోపు వాడేయొచ్చు. మన ఎండలకి బయట ఉంచొద్దు.

సాయంత్రం ఇంటికి రాగానే ఆ లోటంతా తీర్చేయాలని తాపత్రయపడకండి. ఎడ్వర్డ్ ట్రోనిక్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త తల్లీబిడ్డలు ఎదురెదురుగా కూర్చుని ఆడుకునే వీడియోలు క్షణం క్షణం చూసి లెక్కగట్టాడు. అంతా బాగున్న జంటలు కూడా ఒకే తాళంలో ఉండేది దాదాపు 30 శాతం సమయమే. మిగతాదంతా ఒకరు నవ్వితే ఒకరు అటు చూడటం, తప్పడం, మళ్ళీ దిద్దుకోవడం. ఆ దిద్దుకోవడంలోనే పిల్లకి మీమీద గురి కుదురుతుంది. కాబట్టి ఒకరోజు తలనొప్పితో వచ్చి విసుక్కున్నారనుకోండి, పది నిమిషాలాగి ఎత్తుకోండి. నవ్వితే నువ్వుండలు, బోర్లా పడితే బొబ్బట్లు, అడుగులేస్తే అరిసెలు చేసిపెట్టి ఊరంతా పంచే ఆచారం మనది. మీ పాప బోర్లా పడ్డప్పుడు బొబ్బట్లు చేసే ఉంటారు. అడుగులేసే రోజు మీరు ఆఫీసులో ఉండొచ్చు. అత్తగారు వీడియో తీసి పంపిస్తారు, లేదా మర్చిపోతారు. సాయంత్రం మీ ముందు వేసే అడుగే మీకు మొదటి అడుగు. అరిసెలు అప్పుడే చేసుకోండి.

ఇప్పుడు మీ సంగతి. రాత్రిళ్ళు ఏడుస్తున్నానన్న మాట మీరు మధ్యలో చెప్పేసి దాటిపోయారు, నేను దాటను. పాప నిద్రపోతున్నా మీకు నిద్ర పట్టకపోవడం, ఎత్తుకున్నా ఏమీ అనిపించకపోవడం, నేను లేకపోతేనే నయమనిపించడం, ఇలాంటివి రెండు వారాలకు మించి ఉంటే అది గిల్టు కాదు, ప్రసవం తర్వాత వచ్చే డిప్రెషన్ కావచ్చు. మందులున్నాయి, తగ్గుతుంది. మీ గైనకాలజిస్టుకి చెప్పండి. ఏ అర్ధరాత్రయినా 14416కి ఫోన్ చేయండి. అది ప్రభుత్వ టెలీమానస్ నంబరు, డబ్బులు తీసుకోరు, తెలుగులో మాట్లాడతారు. మీకో పాపకో ఏదైనా చేసుకోవాలన్న ఆలోచన వచ్చిందంటే మాత్రం రేపటిదాకా ఆగకండి, మీ వారిని నిద్రలేపండి, ఆ రాత్రే ఆస్పత్రికి వెళ్ళండి. బాలింతకి పథ్యం పెట్టి, నీళ్ళు పోసి, చెవుల్లో దూది పెట్టి నలభై రోజులు కంటికి రెప్పలా చూసుకుంటారు మన వాళ్ళు. నలభై ఒకటో రోజున అందరూ పాప వైపు తిరిగిపోతారు. మీకింకా కావాలి ఆ చూపు. మీ అమ్మగారు వచ్చాక నాలుగు రోజులు మీ తలకి నూనె పెట్టమనండి, ఏ సలహా ఇవ్వకుండా.

చివరగా ఆ నూలుచీర. మీ అత్తగారు చెప్పింది నిజం, ఉతకకండి. 1975లో ఇంగ్లండులో ఒక డాక్టరు వారం రోజుల పసికందులకి రెండు పక్కలా రెండు గుడ్డలు వేలాడదీశాడు. ఒకటి వాళ్ళమ్మ రొమ్ముకి ఆనించి ఉంచింది, ఇంకోటి వేరే తల్లిది. పిల్లలు ఎక్కువసేపు అమ్మ గుడ్డ వైపే తల తిప్పారు. ఆ వాసన ఉంటే పాపకి మీరు గదిలో ఉన్నట్టే. కాకపోతే ఏడాది లోపు పిల్లల పక్కలో వదులు బట్ట ఉండకూడదు, నిద్రలో మొహం మీద పడితే ఊపిరాడదు. అందుకని నిద్రపోయేదాకా కొంగు ఇచ్చి, పట్టు వదలగానే మెల్లగా తీసేయండి. మీరు ఆఫీసుకి వెళ్ళే మొదటి రోజు, దాన్ని నాలుగు మడతలు పెట్టి ఆయా ఎడమ భుజం మీద వేసి వెళ్ళండి. పాప తల ఆనించేది ఏ భుజానికో మీకే తెలుసు, కుడి అయితే కుడి భుజం మీద వేయండి.